‘ఉందా?’ అని అడిగితే రిజర్వ్ చేసేస్తోంది!

ప్రశ్న: గ్రంథాలయ నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఒకదానికి నేను ఏఐ ఏజెంటును జోడిస్తున్నాను. సభ్యులు మామూలు మాటల్లో అడిగితే పుస్తకాలు వెతకడం, రిజర్వ్ చేయడం, గడువు పొడిగించడం వంటి పనులన్నీ అదే చేయాలి. మొత్తం 17 టూల్స్ (ఏజెంటు పిలిచి వాడుకునే ఫంక్షన్లు) ఇచ్చాను. ‘ఫలానా పుస్తకం ఉందా?’ అని ఎవరైనా అడిగితే చాలు, వెళ్లి రిజర్వ్ చేసేస్తోంది. సభ్యత్వ సంఖ్య పంపాల్సిన చోట మనిషి పేరు పంపుతోంది. తేదీల్లో రోజు, నెల తారుమారవుతున్నాయి. ‘అడగకుండా రిజర్వ్ చేయకూడదు’ అని సిస్టమ్ ప్రాంప్ట్‌లో (మోడల్‌కు ముందుగా ఇచ్చే సూచనల్లో) నొక్కి నొక్కి రాశాను. కొన్నిసార్లు వింటుంది, కొన్నిసార్లు వినదు. ఇంకా పెద్ద మోడల్‌కు మారాలా? టూల్ వివరణలు రాయడానికి ఏదైనా నమూనా ఉంటే చెప్పగలరా? ఇప్పుడున్న వివరణలు జత చేస్తున్నాను.
– ఒక డెవలపర్

సమాధానం: మోడల్‌ను మార్చకండి, కనీసం ఇప్పుడే వద్దు. మీరు పంపిన వివరణలు చదివాక నాకు ఆ మోడల్ మీద జాలి కలిగింది. రిజర్వ్ చేసే టూల్‌కు మీరు రాసింది ఇది: ‘పుస్తకం అందుబాటులో ఉందో లేదో చూసి రిజర్వ్ చేస్తుంది.’ పుస్తకం వివరాలు తెచ్చే టూల్‌కు: ‘పుస్తకం సమాచారం ఇస్తుంది.’ వెతికే టూల్‌కు: ‘డేటాలో వెతుకుతుంది.’ ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకొని, మీ సాఫ్ట్‌వేర్ ముఖం కూడా ఎరగని మనిషిలా ఒకసారి చదవండి. పుస్తకం ఉందా అన్న ప్రశ్న వచ్చింది. ‘అందుబాటులో ఉందో లేదో’ అన్న మాట మీ 17 టూల్స్‌లో ఒక్కచోటే ఉంది. మీరైతే దేన్ని ఎంచుకునేవారు?

మీ ఫంక్షన్ ముందు ప్రతులు లెక్కచూసి, ఆ తర్వాతే రిజర్వేషన్ నమోదు చేస్తుంది. కోడ్ రాసింది మీరే కాబట్టి ఆ వరుస మీకు తెలుసు, తెలిసిన వరుసనే వాక్యంగా పెట్టారు. అబద్ధమేమీ లేదు. కానీ ఎంచుకునేవాడికి లోపలి వరుసతో పనిలేదు. ఈ టూల్‌ను పిలిస్తే బయట ఏం మారుతుంది, ఎప్పుడు పిలవాలి, ఎప్పుడు పిలవకూడదు అన్నవే కావాలి. ఆ మూడింటిలో ఒక్కటీ మీ వాక్యంలో స్పష్టంగా లేదు.

ఏజెంటు వెనక జరిగేది ఒకసారి గుర్తు చేసుకుందాం. మీ కోడ్‌ను మోడల్ చూడదు. డేటాబేస్‌ను చూడదు. ఒక టూల్ గురించి దానికి చేరేవి ముఖ్యంగా మూడే: పేరు, వివరణ, ఏ పారామీటరు (టూల్‌కు అందించాల్సిన విలువ) ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే జేసన్ స్కీమా. సభ్యుడు అడిగిన మాటలతో పాటు ఇవి కూడా మోడల్ చదివే పాఠంలో భాగమే. అదంతా చదివి, ఫలానా టూల్‌ను ఫలానా విలువలతో పిలవమని మోడల్ ఒక అభ్యర్థన రాసి ఇస్తుంది. నిజంగా పిలిచేది మీ ప్రోగ్రామ్, ఫలితాన్ని మోడల్‌కు తిరిగి అందించేదీ అదే. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ, బయటి ప్రోగ్రాములు తన మోడళ్లను వాడుకునే ఏపీఐలోకి, ఇలా టూల్స్ పిలిచే ఫంక్షన్ కాలింగ్ తెచ్చింది. 2024 నవంబరులో మరో ఏఐ సంస్థ ఆంత్రోపిక్, టూల్స్‌ను ఏజెంట్లకు కలిపే ఉమ్మడి పద్ధతిగా మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ (ఎంసీపీ)ను ప్రకటించింది. ఈ మధ్యకాలంలో చాలా మారాయి గానీ, పేరు, వివరణ, స్కీమా అన్న ఈ లెక్క మారలేదు.

ప్రోగ్రామర్లకు ఒక పాత అలవాటు ఉంటుంది. వివరణ అన్న గడి కనబడగానే దాన్ని కోడ్‌లో కామెంటులా చూస్తారు. కామెంటు ఉన్నా లేకపోయినా ప్రోగ్రామ్ ఒకేలా నడుస్తుంది కాబట్టి ఒక ముక్క రాసి వదిలేస్తారు. ఇక్కడ ఒక మాట మారితే ప్రవర్తన మారుతుంది. ఆంత్రోపిక్ 2025లో తన అనుభవం ఒకటి బయటపెట్టింది. వెబ్‌లో వెతికే టూల్ ఇచ్చినప్పుడు వాళ్ల మోడల్ క్లాడ్ అవసరం లేకపోయినా ప్రశ్న చివర ‘2025’ అని తగిలించి వెతికేది, దాంతో ఫలితాలు పాడయ్యేవి. టూల్ వివరణను మెరుగుపరిచి ఆ అలవాటు మాన్పించారు. మోడల్‌ను తయారు చేసినవాళ్లే మొదట చేయి పెట్టింది వివరణ మీద! మీరూ అక్కడే మొదలుపెట్టండి.

మీ పుస్తక వివరాల టూల్‌కు నేనైతే ఇలా రాస్తాను: ‘ఒక పుస్తకం పూర్తి వివరాలు ఇస్తుంది: పేరు, రచయిత, మొత్తం ప్రతులు, ఈ క్షణంలో అరలో ఉన్న ప్రతులు, అన్నీ బయట ఉంటే వాటిలో మొదటగా వాపసు రావాల్సిన తేదీ. పుస్తకం ఉందా, ఎప్పటికి దొరుకుతుంది అన్న ప్రశ్నలకు ఈ టూల్ వాడాలి. చదువుతుంది, దేన్నీ మార్చదు. పుస్తకం ఐడీ తప్పనిసరి. ఐడీ తెలియకపోతే ముందుగా పుస్తకాలు వెతికే టూల్‌తో తెలుసుకోవాలి.’

రిజర్వ్ చేసే టూల్‌కు ఇలా: ‘ఒక సభ్యుడి పేరు మీద ఒక పుస్తకాన్ని రిజర్వ్ చేస్తుంది. రిజర్వ్ చేయమని సభ్యుడు స్పష్టంగా కోరినప్పుడే వాడాలి. పుస్తకం ఉందో లేదో తెలుసుకోవడానికి దీన్ని వాడకూడదు, పుస్తక వివరాల టూల్ వాడాలి. రిజర్వేషన్ నమోదైన వెంటనే ఒక ప్రతి ఇతరులకు అందకుండా ఆగిపోతుంది, సభ్యుడికి సందేశం వెళ్తుంది. ప్రతులన్నీ బయట ఉంటే సభ్యుణ్ని నిరీక్షణ జాబితాలో చేర్చి, వరుసలో ఎన్నో స్థానమో తిరిగి ఇస్తుంది.’

రెండో వివరణలో మూడో వాక్యం చూడండి. వాడకూడదని చెప్పి ఊరుకోలేదు, మరి ఏది వాడాలో వెంటనే చెప్పింది. ఇది నేను పట్టుబట్టే విషయం. వద్దన్న దారి మూసి, వెళ్లాల్సిన దారి చూపకపోతే మోడల్ చేతిలో ఇంకా 16 టూల్స్ మిగిలే ఉంటాయి. వాటిలో మరో తప్పు టూల్‌ను పట్టుకుంటుంది. సిస్టమ్ ప్రాంప్ట్‌లో మీరు నొక్కి చెప్పిన మాట కొన్నిసార్లే పనిచేయడానికి కారణం కూడా ఇదేనని నా అనుమానం. ప్రాంప్టేమో రిజర్వ్ చేయవద్దంటుంది. టూల్ వివరణేమో అందుబాటు చూసేది నేనే అంటుంది. పుస్తకం ఉందో లేదో చెప్పగల టూల్ మరొకటి ఉందని ఎక్కడా రాసి లేదు. రెండు పొంతన లేని మాటల మధ్య మోడల్ ఒకసారి అటు, ఒకసారి ఇటు మొగ్గుతోంది. ఈ స్థితిలో ‘తప్పనిసరిగా’, ‘ఎట్టి పరిస్థితిలోనూ’ అంటూ గొంతు పెంచితే వచ్చే లాభం తక్కువ, పైగా నష్టం కూడా ఉంది. అలా నాలుగైదు చోట్ల గద్దించాక మోడల్ అతిగా జంకుతుంది. సభ్యుడు ‘రిజర్వ్ చేయండి’ అని నోరు విప్పి చెప్పినా, నిజంగా చేయమంటారా అని రెండుసార్లు అడుగుతుంది. గట్టిగా చెప్పే హక్కును ఒకటి రెండు చోట్లకే దాచుకోండి.

ఇక పారామీటర్లు. మీ ఏజెంటు సభ్యత్వ సంఖ్యకు బదులు పేరు పంపుతోందన్నారు. ఆ పారామీటరుకు మీరు పెట్టిన పేరు ‘యూజర్’. దాని రకం స్ట్రింగ్, అంటే ఏ అక్షరాలైనా పట్టే పాఠం. వివరణ గడిలో మళ్లీ ‘యూజర్’ అనే ఉంది. సభ్యుడు తన పేరు చెప్పుకున్నాడు, ఆ పేరు స్ట్రింగే, యూజర్ కూడా అతనే. ఇందులో మోడల్ తప్పేముంది? పారామీటరు పేరును ‘మెంబర్_ఐడీ’ అని మార్చండి. సగం సమస్య అక్కడే తీరుతుంది. మిగతా సగానికి వివరణ: ‘సభ్యత్వ కార్డు మీద ఉండే 8 అంకెల సంఖ్య, ఉదాహరణకు 00417326. పేరు, ఫోన్ నంబరు ఇక్కడ ఇవ్వకూడదు. సంఖ్య తెలియకపోతే సభ్యుణ్ని అడగాలి, ఊహించకూడదు.’ చివరి రెండు మాటలు చిన్నవే గానీ వదలకండి. తప్పనిసరి అని గుర్తు పెట్టిన గడి ఖాళీగా కనిపిస్తే, అందులో ఏదో ఒకటి నింపే గుణం మోడళ్లకు ఉంది. అలా నింపిన సంఖ్య చూడటానికి అచ్చం అసలు సంఖ్యలాగే ఉంటుంది కాబట్టి పట్టుకోవడమూ కష్టం.

ఆ ఉదాహరణలో సంఖ్యను సున్నాలతో మొదలుపెట్టింది ఊరికే కాదు. మీ స్కీమా చూస్తే ఒక టూల్‌లో సభ్యత్వ సంఖ్య రకం స్ట్రింగ్, మరో టూల్‌లో నంబరు. నంబరుగా పంపితే ముందున్న సున్నాలు ఎగిరిపోయి 417326 మిగులుతుంది. మీ డేటాబేస్‌లో అలాంటి సభ్యుడు ఉండడు. పుస్తకాల అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌తోనూ ఇదే ఇబ్బంది. 2007కు ముందు వచ్చిన పుస్తకాల మీద 10 స్థానాల సంఖ్య ఉంటుంది, అందులో చివరిది ‘ఎక్స్’ అక్షరం కావచ్చు. ఆ తర్వాతి పుస్తకాల మీద 13 అంకెలు. మధ్యలో గీతలు ఉండొచ్చు, లేకపోవచ్చు. కూడికలు తీసివేతలు చేయని సంఖ్యలన్నిటినీ స్ట్రింగుగానే ఉంచండి. ‘10 లేదా 13 స్థానాలు, గీతలు ఉన్నా ఫర్వాలేదు’ అని వివరణలో రాసి, గీతలు తీసేసే పని మీ కోడ్‌కు అప్పగించండి. కోడ్ ఒక్క వరుసలో చేయగల పనికి మోడల్ జాగ్రత్తను ఖర్చు పెట్టించడం అనవసరం.

తేదీల గొడవ ప్రపంచమంతటా ఉన్నదే. 03/04 అని రాస్తే కొందరికి అది ఏప్రిల్ 3, కొందరికి మార్చి 4. మీ పారామీటరు వివరణలో ‘తేదీ’ అని మాత్రమే ఉంది. ‘సంవత్సరం-నెల-రోజు రూపంలో, ఉదాహరణకు 2025-04-03’ అని రాయండి. ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం రూపమే ఇది. మోడళ్లకు బాగా అలవాటైన రూపం కూడా. మరో సంగతి మీరు గమనించి ఉండకపోవచ్చు. ‘వచ్చే సోమవారం వరకు పొడిగించండి’ అని సభ్యుడు అంటే, ఈ రోజు ఏమిటో తెలియకుండా మోడల్ ఆ తేదీని లెక్కకట్టలేదు. మీరు చెప్పకపోతే దానికి ఈ రోజు తేదీ తెలియదు. సిస్టమ్ ప్రాంప్ట్‌లో ప్రతిసారీ ఆ రోజు తేదీ పెట్టండి. ఇది వివరణతో తీరే సమస్య కాదు గానీ, నింద మాత్రం ఎప్పుడూ వివరణ మీదే పడుతుంది.

విలువలు పరిమితంగా ఉన్నచోట వాటిని మాటల్లో వర్ణించకుండా స్కీమాలోనే జాబితాగా ఇవ్వండి. పుస్తక ప్రతి స్థితి ‘అరలో’, ‘అరువులో’, ‘మరమ్మతులో’ అన్న మూడింటిలో ఒకటే అయితే, స్కీమాలో ‘ఈనమ్’ కింద ఆ మూడూ రాస్తే సరిపోతుంది. కొన్ని ఏపీఐలలో ‘స్ట్రిక్ట్’ అనే అమరిక ఉంటుంది. దాన్ని పెడితే మోడల్ ఇచ్చేది స్కీమాకు కచ్చితంగా లోబడి ఉంటుంది. వాడుకోండి, కానీ అది రూపానికే హామీ. 8 అంకెలు ఉన్నాయా అని అది చూస్తుందేమో గానీ, ఆ 8 అంకెలు ఈ సభ్యుడివేనా అన్నది దానికి పట్టదు.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వస్తాను. మీ జాబితాలో ‘మేనేజ్_లోన్’ అని ఒక టూల్ ఉంది. దాని పారామీటర్లలో ‘యాక్షన్’ ఒకటి. విలువను బట్టి అది గడువు పొడిగిస్తుంది, వాపసు నమోదు చేస్తుంది, పుస్తకం పోయిందని గుర్తిస్తుంది, జరిమానా మాఫీ చేస్తుంది. దీనికి మంచి వివరణ రాయమని మీరు నన్ను అడిగితే నేను రాయలేను. పొడిగించడానికైతే కొత్త తేదీ కావాలి, వాపసుకైతే అక్కర్లేదు. పోయిందని గుర్తిస్తే జరిమానా పడుతుంది. మాఫీకి కారణం రాయాలి, అదీ సిబ్బందే చేయాలి. ‘ఒకవేళ’, ‘అయితే’, ‘లేకుంటే’ లేకుండా ఒక్క వాక్యం కూడా ముందుకు కదలదు. వివరణ రాయడానికి కూర్చున్నప్పుడు ఇలా షరతులు గుట్టలు పడితే, లోపం మీ భాషలో లేదని అర్థం. టూల్‌నే తప్పుగా కోశారు. దాన్ని నాలుగుగా విడదీయండి. అప్పుడు ఒక్కోదానికి వివరణ నాలుగైదు వాక్యాల్లో తేలిపోతుంది.

దీనికి ఎదురు తప్పు కూడా మీ దగ్గరే ఉంది. పేరుతో వెతకడానికి ఒక టూల్, రచయితతో వెతకడానికి మరొకటి, ఐఎస్‌బీఎన్‌తో వెతకడానికి ఇంకొకటి, వీటికి తోడు ఆ ‘డేటాలో వెతుకుతుంది’. వెబ్ ఏపీఐలో నాలుగు చిరునామాలు ఉన్నాయి కాబట్టి నాలుగు టూల్స్ అయ్యాయని తెలుస్తూనే ఉంది. ఒక పేరు చెప్పి ‘వారి పుస్తకాలు ఉన్నాయా’ అంటే రచయిత అనుకోవాలా, ఆ పేరు మీదే పుస్తకం ఉందనుకోవాలా? మనిషికే తేలని చోట నాలుగు టూల్స్ పెట్టి మోడల్‌ను తేల్చుకోమనడం అన్యాయం. ఒక్క వెతుకుడు టూల్ ఉంచి, దానికి ఐచ్ఛికంగా పేరు, రచయిత, ఐఎస్‌బీఎన్ పారామీటర్లు ఇవ్వండి. ఒక అభ్యర్థనను చూపించి, ఏ టూల్ వాడాలో ఇద్దరు మనుషులను విడివిడిగా అడగండి. వాళ్లు వేర్వేరు టూల్స్ చూపిస్తే, మోడల్ కూడా తడబడుతుందని ముందే రాసిపెట్టుకోవచ్చు.

వాక్యాలు దిద్దడం కంటే టూల్‌ను మార్చడమే మేలైన సందర్భాలు తరచుగా వస్తాయి. కోడ్‌లో లోపాలు సరిచేసే ఏజెంటు ఒకదాని మీద పనిచేసినప్పుడు, మొత్తం ప్రాంప్ట్ కంటే టూల్స్ మీదే ఎక్కువ సమయం వెచ్చించామని 2024 డిసెంబరులో ఆంత్రోపిక్ రాసింది. వాళ్ల ఏజెంటు ఒక ఫోల్డరు నుంచి మరో ఫోల్డరుకు వెళ్లాక, అప్పుడున్న చోటును బట్టి ఫైలు దారి ఇవ్వడంలో తప్పులు చేసేది. జాగ్రత్తగా ఇవ్వమని వివరణలో హెచ్చరికలు గుప్పించవచ్చు. వాళ్లు అలా చేయలేదు. మూలం నుంచి పూర్తి దారి ఇస్తేనే ఒప్పుకునేలా టూల్‌నే మార్చారు. తప్పులు పోయాయి. మీ ‘మేనేజ్_లోన్’ ముందు కూర్చున్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

టూల్ తిరిగి ఇచ్చేది కూడా మోడల్ చదివే పాఠమే. దీన్ని చాలామంది మరిచిపోతారు. మీ వెతుకుడు టూల్ ఏమీ దొరకనప్పుడు ఖాళీ జాబితా ఇస్తోంది. సర్వర్ పడిపోయినప్పుడు కూడా ఖాళీ జాబితానే ఇస్తోంది! అప్పుడు సభ్యుడితో ‘ఆ పుస్తకం మా దగ్గర లేదు’ అని మోడల్ ధీమాగా చెబుతుంది. దొరకనప్పుడు ‘ఈ పేరుతో పుస్తకాలు లేవు. అక్షరక్రమం మార్చి లేదా రచయిత పేరుతో వెతకవచ్చు’ అనీ, పడిపోయినప్పుడు ‘వెతకడం కుదరలేదు, కాసేపాగి మళ్లీ ప్రయత్నించాలి. పుస్తకం లేదని దీని అర్థం కాదు’ అనీ ఇవ్వండి. సభ్యత్వ సంఖ్య తప్పుగా వస్తే ‘ఎర్రర్ 400’ అని విసిరేయకండి. ‘సభ్యత్వ సంఖ్యకు 8 అంకెలు ఉండాలి, వచ్చింది పేరు. సభ్యుణ్ని కార్డు మీది సంఖ్య అడగండి’ అంటే మోడల్ మరుసటి అడుగులోనే సర్దుకుంటుంది. మొదటి వివరణలో చెప్పడం కుదరని అరుదైన సంగతులను దాచుకోవడానికి ఎర్రర్ మెసేజ్ మంచి చోటు. అవసరం పడినప్పుడే కనిపిస్తుంది, మిగతా వేళల్లో స్థలం తినదు.

ఫలితాల్లో అవసరం లేనివి కత్తిరించండి. మీ పుస్తక వివరాల టూల్ ముఖచిత్రం చిరునామాలు, లోపలి గుర్తింపు సంఖ్యలు, చివరిసారి మార్చిన సమయం కలిపి మొత్తం 40 గడులు పంపుతోంది. వాటిలో మోడల్‌కు పనికొచ్చేవి ఏడెనిమిది. పేరు, రచయిత, ప్రతుల సంఖ్య వంటి చదివితే అర్థమయ్యే వాటిని ఉంచి, పొడవాటి యాదృచ్ఛిక అక్షరాల ఐడీలను వీలైనంత తగ్గించండి. వాటిని ఎత్తిరాసేటప్పుడు మోడళ్లు పొరబడతాయి.

ఎంత పొడవుండాలి అన్నది చాలామంది అడిగే ప్రశ్న. ఒక్కో టూల్‌కు కనీసం మూడు నాలుగు వాక్యాలైనా ఉండాలని ఆంత్రోపిక్ తన మార్గదర్శకాల్లో చెబుతుంది. నాకూ అది సబబుగానే తోస్తుంది. అలాగని ఏపీఐ డాక్యుమెంటును ఎత్తి అతికించకండి. వివరణలన్నీ మోడల్‌కు పంపే ప్రతి అభ్యర్థనతోనూ వెళ్తాయి. ఒక్కోటి 300 టోకెన్లు (మోడల్ పాఠాన్ని కొలిచే చిన్న ముక్కలు) అయితే 17 టూల్స్‌కు 5,100. సంభాషణలో మోడల్‌ను పది సార్లు పిలిస్తే 51,000. ఖర్చు సంగతి అటుంచి, పనికిరాని మాటల్లో పనికొచ్చే మాట మరుగున పడుతుంది. ‘ఈ శక్తిమంతమైన టూల్ సులభంగా, వేగంగా’ లాంటి ప్రకటనల భాష ఒక్క అక్షరం కూడా వద్దు. వెర్షన్ల చరిత్ర వద్దు, కోడ్ ఎవరు రాశారో వద్దు. టూల్ పేర్లలో మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అడుగుగీత, అడ్డగీతలకే పరిమితం కండి. చాలా ఏపీఐలు వేరే లిపిని ఒప్పుకోవు, కొన్ని పొడవును కూడా 64 అక్షరాలు దాటనివ్వవు. వివరణను మీకు చేయి తిరిగిన భాషలో రాయండి. తెలుగులో రాస్తే టోకెన్లు ఎక్కువ పడతాయి, అది తెలిసి ఎంచుకోండి.

వివరణలకు ఒక హద్దు కూడా ఉంది. జరిమానా మాఫీ టూల్ వివరణలో ‘సిబ్బంది అనుమతితోనే వాడాలి’ అని మీరు చక్కగా రాయవచ్చు, మోడల్ చాలాసార్లు పాటిస్తుంది కూడా. చాలాసార్లు అన్నది డబ్బు విషయంలో సరిపోదు. అనుమతి ఉందో లేదో కోడ్ చూడాలి. సభ్యుడి ఖాతా నుంచి మాట్లాడే ఏజెంటుకు ఆ టూల్‌ను అసలు ఇవ్వనే కూడదు. రిజర్వేషన్‌కు కూడా ‘అవును’ నొక్కే బటన్ ఒకటి పెట్టండి. ఎంసీపీ వాడుతుంటే టూల్‌కు ‘చదవడానికి మాత్రమే’, ‘చెరిపేసేది’ వంటి సూచనలు జోడించే వీలుంది. పెట్టండి గానీ, అవి సూచనలే, తాళాలు కావు. నమ్మకం లేని సర్వర్ నుంచి వచ్చిన సూచనలను నమ్మకూడదని ఆ ప్రోటోకాలే చెబుతుంది. ఇదే కారణంతో బయటివాళ్ల ఎంసీపీ సర్వర్‌ను కలుపుకునే ముందు దాని టూల్ వివరణలను మొదటి నుంచి చివరిదాకా కళ్లతో చదవండి. మోడల్ ఆ వివరణలను కూడా ఆదేశాల్లా తీసుకుంటుంది కాబట్టి, వాటిలో దొంగ ఆదేశాలు దాచి రహస్య సమాచారం లాగే దాడులు సాధ్యమని 2025లో పరిశోధకులు చూపించారు.

నమూనా అడిగారు. ఖాళీలు పూరించే కాగితం ఇస్తే 17 టూల్స్‌కూ 17 ఒకేలాంటి పేరాలు తయారవుతాయి, తేడా చెప్పాల్సిన చోట తేడా కనిపించదు. అందుకని ఇవ్వను. పైన రాసిన రెండు వివరణలు చూసి మిగతావి మీరే రాయండి. పుస్తకం వాపసు నమోదుకు మూడు నాలుగు వాక్యాలు చాలు, రిజర్వ్‌కు ఐదు కావాలి. పక్క టూల్‌తో పొరబడే అవకాశం ఎక్కడ ఎక్కువో అక్కడే మాటలు ఖర్చు పెట్టండి.

రాశాక పరీక్షించకుండా వదలకండి. సభ్యులు నిజంగా అడిగిన అభ్యర్థనలు ఓ ముప్పై ఏరండి. ఒక్కోదానికి ఏ టూల్ పిలవాలో, ఏ విలువలతో పిలవాలో ముందే రాసిపెట్టుకోండి. వాటిలో ఏ టూలూ పిలవనవసరం లేనివి కూడా ఉండాలి. ‘మీరు ఆదివారం తెరిచే ఉంటారా?’ అన్న ప్రశ్నకు పుస్తకాలు వెతకడం మొదలుపెడితే అదీ తప్పే. సగం అడిగి ఆపేసినవీ ఉండాలి, అప్పుడు మోడల్ ఎదురు ప్రశ్న వేస్తుందో, ఊహించి దూకుతుందో తెలుస్తుంది. ఒకే అభ్యర్థనకు మోడల్ ప్రతిసారీ ఒకేలా స్పందించదు కాబట్టి ఒక్కోదాన్ని నాలుగైదు సార్లు నడపండి. ఒకసారికి ఒక్క వివరణే మార్చండి. రెండు మార్చి ఫలితం మెరుగైతే ఏ మార్పు పనిచేసిందో తెలియదు. ఆ ముప్పైలో పది అభ్యర్థనలను పక్కన పెట్టి, దిద్దడమంతా అయ్యాక చివర్లో మాత్రమే వాటితో చూడండి. లేకపోతే మీ వివరణలు ఆ ముప్పై ప్రశ్నలకే అలవాటు పడిపోతాయి. మార్కుల కంటే లాగ్, అంటే జరిగినదాని నమోదు, ముఖ్యం. తప్పు జరిగినచోట మోడల్ ఏ టూల్‌ను, ఏ విలువలతో పిలిచిందో చదివి, ఆ టూల్ వివరణలో ఏ మాట దాన్ని అటు నడిపించిందో వేలు పెట్టి చూపించే వరకు వదలకండి. ‘అందుబాటులో ఉందో లేదో’ లాంటి మాట చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ముందు రిజర్వ్, పుస్తక వివరాలు, వెతుకుడు – ఈ మూడు దిద్దండి. తర్వాత ‘మేనేజ్_లోన్’ను విడదీయండి. సభ్యులందరికీ ఒకేసారి సందేశం పంపే టూల్ కూడా మీ జాబితాలో కనిపించింది, వివరణ ‘నోటీసు పంపుతుంది’. దాన్ని మాత్రం దిద్దనక్కర్లేదు, ఈ రోజే ఏజెంటు చేతిలోంచి తీసేయండి. ఇదంతా అయ్యాక కూడా, మనిషికి స్పష్టంగా ఉన్న చోట మోడల్ మళ్లీ మళ్లీ తప్పితే, అప్పుడు ఆ ముప్పై అభ్యర్థనలనూ పెద్ద మోడల్ మీద నడిపి తేడా చూడండి. ఆ లాగ్ నాకు పంపితే మోడల్ మార్చాలా వద్దా అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.